లేబుల్ మీద ‘8 ఫాల్స్’ అని ఉంటే అది గ్యారంటీయేనా?

ప్రశ్న: కొండరాళ్లు ఎక్కడానికి 9.8 మి.మీ. సింగిల్ రోప్ (ఒక్కటిగానే వాడే తాడు) కొన్నాను. లేబుల్ మీద ‘యూఐఏఏ ఫాల్స్: 8’ అని ఉంది (యూఐఏఏ అంటే అంతర్జాతీయ పర్వతారోహణ సమాఖ్య). రెండు నెలలు వాడామో లేదో, నా స్నేహితుడు మూడోసారి జారినప్పుడు పైతొడుగు చిరిగి లోపలి దారాలు బయటపడ్డాయి. అతను కింద రాతికి తగిలి కాలు విరిగింది. అమ్మినవాళ్లు ‘మీరు సరిగ్గా వాడలేదు, అయినా తాడు పంపండి, చూసి చెబుతాం’ అంటున్నారు. ఎనిమిది అని రాసి మూడింటికే పాడైతే కేసు వేయొచ్చా?

జవాబు: ముందు ఒక మాట. ఆ తాడును ఇప్పుడే ఎవరికీ పంపకండి. మీ దగ్గరున్న అసలు సాక్ష్యం అదే. కడగకండి, చిరిగిన చోట కత్తిరించకండి. ఫోటోలు తీసి బిల్లు, చివరనున్న లేబుల్, వాడకం సూచనల కాగితంతో సహా ఎండ తగలని చోట దాచండి. వాళ్లు పరీక్షించాలంటే మీ తరఫు మనిషి ఎదుట, లేదా ఇద్దరూ ఒప్పుకున్న ల్యాబ్‌లో చేయాలని రాతపూర్వకంగా అడగండి.

ఇక ఆ 8 సంగతి. అది ఎనిమిది సార్లు పడొచ్చని మీకిచ్చిన హామీ కాదు. ఎక్కేటప్పుడు వాడే తాళ్లకు యూరప్ పెట్టిన ఈఎన్ 892 ప్రమాణం ప్రకారం కొత్త సింగిల్ రోప్‌కు 80 కిలోల బరువు కట్టి, దాదాపు 2.8 మీటర్ల తాడు మీద 4.8 మీటర్లు కిందికి వదులుతారు. అయిదేసి నిమిషాలకు ఒకసారి అలా వదులుతూ, తెగేలోపు ఎన్నిటిని తట్టుకుందో లెక్కపెడతారు. కనీసం 5 తట్టుకోవాలి. ‘ఎనిమిది రావాల్సింది మూడే వచ్చాయి’ అని నోటీసులో రాస్తే, ఎదుటి లాయరు ఈ ప్రమాణాన్ని చూపించి మీ వాదనను అక్కడే తోసేస్తారు.

కానీ ఇదే సంఖ్య మీకు ఇంకోరకంగా పనికొస్తుంది. ల్యాబ్‌లో పడే దెబ్బ చాలా కఠినమైనది, మామూలుగా ఎక్కేటప్పుడు జారే జారుళ్లు అంత తీవ్రంగా ఉండవు. అలాంటి పరీక్ష నెగ్గిన రకం తాడు చిన్న జారుళ్లకే ఎందుకు చిరిగిందని మీరు గట్టిగా అడగొచ్చు. అయితే మీరు రాయని సంగతి ఒకటుంది. చిరిగిన చోట తాడు దేనికి ఆనింది? ఆ పరీక్షలో తాడు వంగేది 5 మి.మీ. వ్యాసార్థం ఉన్న గుండ్రటి అంచు మీద. పదునైన రాతి అంచు మీద కోసుకుపోకుండా ఉంటుందని ఆ సంఖ్య చెప్పదు. అంచుకు ఆని ఉంటే, బ్యాటరీ యాసిడ్ లాంటిది ఎప్పుడైనా తగిలి ఉంటే మీ కేసు బాగా బలహీనపడుతుంది. అవేవీ కాకపోతే తయారీ లోపం అనే వాదన నిలబడే అవకాశం ఉంది. నాకైతే కేసంతా ఈ ఒక్క ప్రశ్న మీదే ఉందనిపిస్తోంది, కాబట్టి ఆ రోజు అక్కడున్నవాళ్లు చూసింది చూసినట్టు ఇప్పుడే రాయించి పెట్టుకోండి.

లేబుల్ కూడా మళ్లీ చూడండి. వృత్తంలో 1 ఉంటేనే సింగిల్ రోప్. వృత్తంలో 1/2 ఉంటే హాఫ్ రోప్ (జతగా తీసుకెళ్లి, విడివిడిగా తగిలిస్తూ వాడేది), దాని పరీక్ష 55 కిలోల బరువుతోనే జరుగుతుంది. ఒకదాన్నొకటి దాటే రెండు వృత్తాలుంటే ట్విన్ రోప్, అంటే రెండు తాళ్లను ఎప్పుడూ కలిపే వాడే రకం. దానికి కనీసం 12 ఫాల్స్ ఉండాలి, కానీ అది రెండు తాళ్లను కలిపి పరీక్షించిన లెక్క. ఈఎన్ 1891 అని ఉంటే అది పెద్దగా సాగని తాడు, పడే మనిషిని ఆపడానికి చేసింది కాదు. మీరు దేనికి వాడతారో చెప్పి కొన్నాక ఇలాంటి వేరే తాడు అంటగట్టి ఉంటే, తయారీ లోపం రుజువు చేయకుండానే అమ్మినవాళ్లను నిలదీయొచ్చు. కొనేటప్పుడు పంపుకున్న మెసేజ్‌లు ఉంటే తుడిచేయకండి.

‘ప్రమాదాలకు మా బాధ్యత లేదు’ అని డబ్బా మీద ఉందని భయపడొద్దు. లోపమున్న వస్తువు వల్ల మనిషికి గాయమైతే చాలా దేశాల చట్టాల్లో ఆ ఒక్క వాక్యం తయారీదారును కాపాడదు.

ఇంకొకటి, గాయపడింది మీరు కాదు. తాడు డబ్బు మీరు అడగాలి, వైద్య ఖర్చులు, పోయిన జీతం అడగాల్సింది మీ స్నేహితుడు. కొన్నది తను కాకపోయినా తయారీదారు మీద తన పేరుతో అడిగే హక్కు సాధారణంగా ఉంటుంది. ఆస్పత్రి కాగితాలు తన దగ్గరే ఉంచుకోమనండి. మీ ఇద్దరి దావాలకూ కాలపరిమితి వేరువేరుగా ఉండొచ్చు, అందుకే ఈ వారంలోనే ఇద్దరూ కలిసి ఒక లాయరును కలవండి.