ఆకాశం కూలుతుందేమోనన్న దిగులు

ప్రశ్న: నా వయసు 47. ఆరేళ్ల క్రితం మావారు రోడ్డు ప్రమాదంలో పోయారు. ఆ కబురు రాత్రి పదకొండింటికి ఫోన్‌లో వచ్చింది. ఒక్కగానొక్క కొడుకు చైనాలో ఎంబీబీఎస్ మూడో ఏడు చదువుతున్నాడు. రాత్రి పది దాటాక చేసి, వాడు ఎత్తకపోతే నాకు చేతులు వణుకుతాయి, తెల్లవార్లూ నిద్ర ఉండదు. కీడెంచి మేలెంచమన్నారు కదా అని సరిపెట్టుకుంటాను. మొన్న వరసగా నాలుగైదుసార్లు చేస్తే, చివరికి ఎత్తి ‘ఛీ’ అంటూ వాళ్ల భాషలో ఏదో అని నవ్వాడు. అదేమిట్రా అంటే, ‘ఆకాశం మీద పడుతుందని ఏడ్చినవాడి కథ, గూగుల్‌లో చూసుకో’ అన్నాడు. కన్నతల్లిని ఛీ అంటాడా? నాది పిచ్చి భయమేనా?

జవాబు: మీ అబ్బాయి మిమ్మల్ని ఛీకొట్టలేదమ్మా. అతనన్నది ‘ఛీ రెన్ యోవ్ థియెన్’ అనే నాలుగక్షరాల చైనా జాతీయమై ఉంటుంది. అందులో ‘ఛీ’ ఈసడింపు కాదు, పూర్వకాలపు ఒక చిన్న రాజ్యం పేరు. హెనాన్ ప్రావిన్స్‌లో కైఫెంగ్ నగరం పరిధిలో ఆ పేరుతో ఇప్పటికీ ఒక జిల్లా ఉంది. రెన్ అంటే మనిషి, యోవ్ అంటే దిగులు, థియెన్ అంటే ఆకాశం. అక్కరలేని భయాలు పెట్టుకునేవారిని అక్కడ ఈ మాటతో ఆటపట్టిస్తారు.

అయితే కథలో ఆటపట్టించడం లేదు. తావో అనే ప్రాచీన చైనా తాత్విక సంప్రదాయానికి చెందిన ‘లియెజి’ అనే గ్రంథం మొదటి అధ్యాయంలో ఇది ఉంది. ఆకాశం విరిగిపడి, భూమి కుంగిపోతే తానెక్కడ తలదాచుకోవాలని ఛీ రాజ్యంలో ఒకడు తిండీ నిద్రా మానేశాడు. వాడి దిగులు చూసి దిగులుపడిన మరొకడు వాడి దగ్గరికి వెళ్లాడు. వెళ్లి నవ్వలేదు, ఆకాశమంటే పోగుపడిన గాలే కదా, రోజంతా నువ్వు పీల్చేదీ మసిలేదీ అందులోనే కదా, అది కూలడమేమిటని చెప్పాడు. మరి సూర్యచంద్రులూ చుక్కలూ రాలితేనో అని మొదటివాడు అడిగాడు. అవీ ఆ గాలిలో వెలిగేవే, రాలినా దెబ్బ తగలదన్నాడు. భూమి సంగతేమిటంటే, నాలుగు దిక్కులా నిండిన మట్టిగడ్డ, రోజూ దానిమీదే నడుస్తున్నావన్నాడు. ఈ ఖగోళశాస్త్రం మీ అబ్బాయి పరీక్షలో నెగ్గకపోవచ్చు గానీ, అడిగిన ప్రతిదానికీ జవాబు దొరికింది కనుక ఆ మనిషి కుదుటపడ్డాడు.

కథ అక్కడితో ఆగదు. ఛాంగ్లుజి అనే పండితుడు ఇది విని, భూమ్యాకాశాలు ఎప్పటికైనా నశించేవేననీ, ఇప్పటినుంచే దిగులుపడటం మరీ దూరాలోచన అయినా, ఎన్నటికీ నశించవనడం కూడా సరికాదనీ అంటాడు. నశిస్తాయో లేదో మనకు తెలిసే విషయం కాదు, దాన్ని మనసులో ఎందుకు పెట్టుకోవాలని, ఆ గ్రంథం ఎవరి పేరున ఉందో ఆ లియెజి ముగిస్తాడు.

మీ విషయంలో నేను ఛాంగ్లుజి పక్షమే. ఛీ రాజ్యపు మనిషి మీద ఆకాశం ఎన్నడూ పడలేదు. మీమీద ఒకసారి, అదీ రాత్రి ఫోన్‌లోనే పడింది. కాబట్టి మీది పిచ్చి కాదు. కానీ కీడెంచడం దగ్గరే ఆగిపోయి, మేలెంచే వంతు మీరు రానివ్వడం లేదు. అబ్బాయి తప్పు కూడా ఉంది: కథలో పేరు మీకు తగిలించాడు గానీ, కథలోని స్నేహితుడు చేసిన పని చేయలేదు.

ఆ పని కొంత నేను చేస్తాను. చైనా గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. మీకు రాత్రి పదయితే అతనికి పన్నెండున్నర. ఎత్తకపోవడానికి చాలాసార్లు నిద్రే కారణం. ఇక వాట్సాప్ అక్కడ నేరుగా పనిచేయదు, అక్కడివాళ్లు వాడే వీచాట్‌ను మన ప్రభుత్వం 2020 జూన్‌లో నిషేధించింది. అందుకే మన విద్యార్థులు చాలామంది ఇంటర్నెట్‌లో ఆ అడ్డును దాటించే వీపీఎన్ మీద ఆధారపడతారు. అది తెగితే మీరెన్నిసార్లు చేసినా అవతల మోగదు.

మీకు సాయంత్రం ఏడున్నర, అతనికి రాత్రి పది, ఆ వేళకు తనే ఫోన్ చేసేలా మాట తీసుకోండి. గదిలో ఉండే స్నేహితుడి నంబరూ, హాస్టల్ నంబరూ కాగితం మీద రాయించుకుని, ఫోన్ పెట్టే చోట గోడకు అంటించండి. ఆ వేళ దాటిపోయినా మరునాటి ఉదయం వరకు ఆగి, అప్పుడూ అందకపోతేనే వాటికి చేయండి. మొదటి నాలుగు రోజులు కష్టంగానే ఉంటుంది. చేతుల వణుకూ, నిద్రలేమీ రెండు మూడు వారాల్లో తగ్గకపోతే మానసిక వైద్యుణ్ని కలవండి. ప్రభుత్వ టెలీ మానస్ లైన్ 14416కు చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు. ఆ రాత్రి ఫోన్ గురించి వాళ్లకు దాచకుండా చెప్పండి. అబ్బాయితో కూడా మీరు ఎప్పుడూ చెప్పి ఉండరనుకుంటాను. చెప్పండి, ఆ తరువాత ఛీ రాజ్యపు కథలో రెండోవాడు ఏం చేశాడో కూడా మీరే వినిపించండి, గూగుల్‌లో చూసుకోమనకుండా.