లాగ్‌లో ఏమీ లేకుండా టామ్‌క్యాట్ ఆగిపోవడం: సమాధానం

మిర్చి యార్డు బిల్లింగ్ నడిపే టామ్‌క్యాట్ (జావా వెబ్ ప్రోగ్రాములు నడిపే సర్వర్) లాగ్‌లో ఏమీ రాయకుండా ఎందుకు ఆగిపోతోందని అడిగారు కదా. మీ సర్వర్‌ని చంపుతోంది జావా కాదండీ, లినక్స్. 8 జీబీ మెషీన్‌లో ఎక్స్‌ఎమ్‌ఎక్స్ (జావా హీప్‌కి, అంటే ప్రోగ్రాం డేటా ఉండే మెమరీకి గరిష్ఠ హద్దు) 7 జీబీ ఇచ్చానన్నారు, పైగా మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ కూడా ఆ మెషీన్‌లోనే. మెమరీ నిండుకోగానే కెర్నల్ (లినక్స్ గుండెకాయ) అందరికంటే ఎక్కువ తింటున్న ప్రాసెస్‌ని లేపేస్తుంది. జావాకి చెప్పుకునే సందు కూడా ఇవ్వదు, అందుకే లాగ్‌లో అవుట్ ఆఫ్ మెమరీ ఎర్రర్ కూడా రాలేదు.

1. డీమెసేజ్ (dmesg, కెర్నల్ సందేశాలు చూపే కమాండ్) కొట్టి ‘కిల్డ్ ప్రాసెస్’ లైన్ వెతకండి. పక్కన జావా ఉంటే ఖాయం.

2. అందరూ వదిలేసేది ఇక్కడే. ఎక్స్‌ఎమ్‌ఎక్స్ హీప్‌కి మాత్రమే హద్దు. మెటాస్పేస్ (క్లాసుల వివరాలు), జిట్ కోడ్ (నడుస్తుండగా తయారయ్యే మెషీన్ కోడ్), డైరెక్ట్ బఫర్లు, జీసీ (వాడని మెమరీని ఏరేసే భాగం) సొంత లెక్కలు, థ్రెడ్ స్టాక్‌లు (ఒక్కో థ్రెడ్ సొంత మెమరీ) అన్నీ దాని బయటే. 64 బిట్ లినక్స్‌లో ఒక్కో స్టాక్ డీఫాల్ట్‌గా 1 ఎంబీ దాకా పోతుంది. టామ్‌క్యాట్ డీఫాల్ట్‌గా 200 థ్రెడ్లు తెరవగలదు. గుంటూరు యార్డులో మిర్చి సీజన్, కొట్లన్నీ ఒకేసారి బిల్లులు కొడుతుంటే తెరవక ఏం చేస్తుంది? టాప్ కమాండ్‌లో రెస్ (RES) కాలమ్ చూడండి, అసలు వాడకం అదీ.

3. ఎక్స్‌ఎమ్‌ఎస్ (హీప్ మొదటి సైజు), ఎక్స్‌ఎమ్‌ఎక్స్ రెండూ 4 జీబీ పెట్టండి. మైఎస్‌క్యూఎల్ బఫర్ పూల్‌కి (డేటా మెమరీలో ఉంచుకునే చోటు) 1 జీబీ చాలు.

4. వీటిని సెటెన్వ్ (setenv.sh) ఫైల్‌లో క్యాటలీనా ఆప్ట్స్ (CATALINA_OPTS) కింద రాయండి. జావా ఆప్ట్స్‌లో (JAVA_OPTS) రాస్తే స్టాప్ కమాండ్ కూడా 4 జీబీ హీప్ అడుగుతుంది!

5. జీసీ లాగ్ ఆన్ చేయండి. ఫుల్ జీసీ అయ్యాక కూడా హీప్ దిగకుండా రోజురోజుకీ పెరుగుతుంటే అది లీక్ (పని అయినా వదలని మెమరీ) కావచ్చు, సెట్టింగులతో పోదు. అప్పుడు హీప్ డంప్ (హీప్‌లో ఏమున్నాయో చూపే ఫైల్) తీసి చూడాలి.