మెదడులో పెరుగుదల ప్రొటీన్లు తగ్గితే అల్జీమర్స్ వస్తుందా?

కావలి నుంచి అడిగారు: అవ్వకు అల్జీమర్స్, పొయ్యి మీద పాలు పెట్టిన సంగతే మరిచిపోతోంది, మెదడు కణాలను కాపాడే ప్రొటీన్ ఇంజెక్షన్ వేయించవచ్చా అని. ఇప్పటికైతే అలాంటి వైద్యం అందుబాటులో లేదు. ఉందని ఎవరైనా చెబితే దయచేసి డబ్బు కట్టకండి.

నరాల కణాలను పెంచే ఎన్‌జీఎఫ్ అనే ప్రొటీన్‌ను కనిపెట్టిన శాస్త్రవేత్త రీటా లెవీ-మోంటాల్చీనికి 1986లో స్టాన్లీ కోహెన్‌తో కలిపి నోబెల్ ఇచ్చారు. జ్ఞాపకానికి అవసరమైన అసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు ఎన్‌జీఎఫ్‌ను నమ్ముకునే బతుకుతాయి. బీడీఎన్ఎఫ్ అనే ఇంకో పెరుగుదల ప్రొటీన్ మెదడు కణాల మధ్య కనెక్షన్లను గట్టిపరుస్తుంది. అల్జీమర్స్ రోగుల మెదడులో, ముఖ్యంగా జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్ అనే భాగంలో, ఇది తగ్గి ఉంటుంది. అలాగని జబ్బుకు మూలం ఇదేనని చెప్పలేం. అమిలాయిడ్, టౌ అనే ప్రొటీన్లు మెదడులో పేరుకోవడం కూడా ఉంది కదా.

చిక్కంతా ఎక్కడంటే, ఎన్‌జీఎఫ్, బీడీఎన్ఎఫ్ పెద్ద ప్రొటీన్లు. చేతికి ఇంజెక్షన్ వేస్తే రక్తం నుంచి మెదడులోకి దాటలేవు. నేరుగా మెదడు ద్రవంలోకి ఎన్‌జీఎఫ్ ఎక్కించి చూస్తే రోగులకు నొప్పులు మొదలయ్యాయి, బరువు తగ్గారు. దాని జన్యువునే మెదడులో పెట్టి చూసిన పరీక్ష ఫలితాలు 2018లో వచ్చాయి. అందులోనూ గుణం కనిపించలేదు.

ఇప్పుడు దొరికే డోనెపెజిల్ అనే మాత్ర, మెదడులో మిగిలి ఉన్న అసిటైల్‌కోలిన్ త్వరగా విరిగిపోకుండా ఆపుతుంది. అవ్వకు సరిపడుతుందేమో నెల్లూరులోనో ఒంగోలులోనో న్యూరాలజిస్టును అడగండి. ఎండ తగ్గాక చెయ్యి పట్టుకుని నడిపించండి. 2011లో వచ్చిన ఒక అధ్యయనంలో, మతిమరుపు జబ్బు లేని పెద్దవాళ్లు ఏడాదిపాటు నడిస్తే హిప్పోక్యాంపస్ సుమారు 2 శాతం పెరిగింది.