ఏ కంపెనీ ల్యాప్‌టాప్ మేలు?

ప్రశ్న: మా అమ్మాయి ఇంజినీరింగ్‌లో చేరుతోంది. డెల్, హెచ్‌పీ, లెనోవో, ఏసర్‌లలో ధర, మన్నిక, సర్వీసు దృష్ట్యా ఏది కొనమంటారు? - ఒక పాఠకుడు, నర్సీపట్నం

జవాబు: కంపెనీ పేరుకంటే సిరీస్ ముఖ్యం. లెనోవోలోనే ఇళ్లకూ విద్యార్థులకూ ఉద్దేశించిన ఐడియాప్యాడ్ సాధారణంగా చవక. కార్యాలయాల కోసం తయారయ్యే థింక్‌ప్యాడ్ ఖరీదెక్కువైనా కీబోర్డు, మూత కీళ్లు గట్టిగా ఉంటాయి. మిగతా కంపెనీలలోనూ ఇటువంటి తేడాలే కనిపిస్తాయి.

మీ ఊరివారికి అసలు చిక్కు సర్వీసుదే. వారంటీ పత్రంలో ‘ఆన్‌సైట్’ అని ఉంటే, ఆ సదుపాయం మీ పిన్‌కోడ్‌కు వర్తించినప్పుడు, మెకానిక్ ఇంటికే వస్తాడు. ‘క్యారీ-ఇన్’ అయితే మీరే సర్వీసు సెంటరుకు మోసుకెళ్లాలి. ఈ సంగతి దుకాణదారు తనంతట తాను చెప్పడం అరుదు. పడినా, నీళ్లు ఒలికినా మామూలు వారంటీ వర్తించదు కాబట్టి, హాస్టల్లో ఉండే పిల్లలకు ప్రమాద రక్షణను అదనంగా తీసుకోవడం దండగ కాదు.

ర్యామ్ (పని జరుగుతున్నప్పుడు కంప్యూటర్ వాడుకునే తాత్కాలిక మెమరీ) లోపలి సర్క్యూట్ బోర్డుకే అతికించి ఉంటే తరువాత పెంచుకోలేరు. అటువంటి మోడలైతే 16 జీబీకి తగ్గవద్దు.