చిగుళ్ల జబ్బు ఉన్న పెద్దవారిలో నోటి పుండ్లు మళ్లీ మళ్లీ ఎందుకు?

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్లు. 12 ఏళ్లుగా షుగర్ ఉంది, బీపీకి ఆమ్లోడిపిన్ వాడుతున్నారు. బ్రష్ చేసుకుంటే చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది, కింది పళ్లు రెండు కదులుతున్నాయి. రెండు మూడు నెలలకోసారి అంగిలి మీద చిన్న చిన్న పుండ్లు కూడా లేస్తున్నాయి. వేడి చేసిందనుకుని మజ్జిగ, సబ్జా నీళ్లు ఇస్తున్నాం. చిగుళ్ల జబ్బుతో పాటు వైరస్ కూడా ఉండవచ్చని డెంటిస్టు అన్నారు. రెండింటికీ సంబంధం ఉందా? క్లీనింగ్ చేయిస్తే ఉన్న పళ్లు ఊడిపోతాయని నాన్నగారు ఒప్పుకోవడం లేదు.
– ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: సంబంధం ఉందమ్మా. అయితే ఒకటి ఉంటే రెండోది తప్పక వస్తుందనేంత గట్టి సంబంధం కాదు. హెర్పిస్ కుటుంబానికి చెందిన వైరస్‌లు చాలామందికి చిన్నతనంలోనే సోకి, ఆ తర్వాత జీవితాంతం ఒంట్లోనే నిద్రాణంగా ఉండిపోతాయి. పెదవుల మీద, అంగిలి మీద పొక్కులు తెచ్చే హెర్పిస్ సింప్లెక్స్ ముఖానికి సంబంధించిన నరాల ముడిలో దాగి ఉంటే, ఎప్‌స్టీన్ బార్, సైటోమెగలో వైరస్‌లు తెల్ల రక్తకణాల్లో ఉంటాయి. చిగురు వాచినప్పుడు ఆ తెల్లకణాలు పెద్దసంఖ్యలో అక్కడికి చేరుతాయి కాబట్టి, పంటికీ చిగురుకూ మధ్య ఏర్పడిన లోతైన సందుల్లో ఈ వైరస్‌లు ఆరోగ్యంగా ఉన్న చిగుళ్లలో కంటే ఎక్కువగా కనిపిస్తాయని 1990ల నుంచి పరిశోధకులు గమనిస్తున్నారు. చిగుళ్ల జబ్బు బాక్టీరియా విడుదల చేసే బ్యుటిరిక్ ఆమ్లం నిద్రపోతున్న ఎప్‌స్టీన్ బార్ వైరస్‌ను మేల్కొల్పగలదని ప్రయోగశాలల్లో తేలింది. మేల్కొన్న వైరస్ అక్కడి రోగనిరోధక శక్తిని దెబ్బతీస్తే బాక్టీరియాకు మరింత బలం చేకూరుతుంది. పైబడిన వయసు, అదుపులో లేని షుగర్, మందుల వల్ల నోరు ఎండిపోవడం ఈ రెండింటికీ అనుకూలిస్తాయి. అయినా పంటిని పట్టి ఉంచే ఎముక అరగడానికి వైరసే కారణమని రుజువు కాలేదు. అందుకే చిగుళ్ల జబ్బుకు వైరస్ మాత్రలు వాడము.

మీ నాన్నగారి విషయంలో ముందుగా తేల్చుకోవలసింది ఆ పుండ్లు ఏమిటన్నది. ఈసారి అవి లేచిన రోజే టార్చి వేసి చూడండి, ఫొటో తీసి ఉంచండి. గుండుసూది తలంత పుండ్లు గుంపుగా లేచి ఒకదానితో ఒకటి కలిసిపోతూ, గట్టి అంగిలి మీద గానీ పంటిని అంటిపెట్టుకున్న చిగురు మీద గానీ ఉంటే హెర్పిస్‌ను అనుమానించాలి. బుగ్గ లోపల, పెదవి లోపల, నాలుక కింద గుండ్రంగా, మధ్యలో పసుపు, చుట్టూ ఎర్రటి అంచుతో ఉంటే అది మామూలు నోటి పూత. ఈ తేడా చిన్నదిగా అనిపించినా చికిత్సను మార్చేస్తుంది. నోటి పూతకు మందుల షాపులో ఇచ్చే స్టెరాయిడ్ జెల్‌ను హెర్పిస్ పుండ్ల మీద రాయకూడదు. హెర్పిస్ మాత్రలు మొదటి రెండు మూడు రోజుల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తాయి. 12 ఏళ్ల షుగర్ అంటున్నారు కాబట్టి మూత్రపిండాల పరీక్ష చూసి డాక్టరే మోతాదు నిర్ణయించాలి. మజ్జిగ తాగించడంలో తప్పు లేదు, కానీ వేడి అనుకుని ఆ రెండు మూడు రోజులూ వదిలేయకండి. పుండ్లు ఒకవైపు మాత్రమే లేచి, అదే వైపు ముఖం మంటగా, నొప్పిగా ఉంటే సర్పి కావచ్చు. అప్పుడు ఆ రోజే చూపించాలి.

ఇక క్లీనింగ్ భయం. ఈ మాట నేను దాదాపు ప్రతి పెద్దాయన నోటా వింటున్నాను. ఎముక అరిగి వదులైన పళ్లను పేరుకున్న గార సిమెంటులా పట్టి ఉంచుతుంది, దాన్ని తీయగానే అప్పటికే ఉన్న కదలిక బయటపడుతుంది. పళ్లను వదులు చేసింది గారే తప్ప క్లీనింగ్ కాదని నాన్నగారికి నెమ్మదిగా చెప్పండి. చిగుళ్లకు సరైన చికిత్స జరిగితే మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల షుగర్ సగటును చూపే రక్తపరీక్ష) సగటున 0.4 శాతం మేర తగ్గుతుందని కూడా చెప్పండి, షుగర్ ఉన్నవారికి అది చిన్న లాభం కాదు. అయితే పుండ్లు పూర్తిగా మానాకే క్లీనింగ్‌కు వెళ్లండి. పంటి చికిత్స ఒత్తిడికే కొందరిలో హెర్పిస్ తిరగబెడుతుంది కాబట్టి, పుండ్ల చరిత్రను డెంటిస్టుకు ముందే చెప్పాలి. ఆమ్లోడిపిన్ వల్ల కొందరికి చిగుళ్లు ఉబ్బుతాయి. దాన్ని సొంతంగా ఆపకుండా, మార్చే వీలుందేమో బీపీ డాక్టరును అడగండి. ఖర్చు గురించి ఆలోచిస్తుంటే, విక్టోరియా ఆసుపత్రి దగ్గరున్న ప్రభుత్వ దంత వైద్య కళాశాలలో చూపించవచ్చు.

ఇంట్లో పసిపిల్లలుంటే, పుండ్లు ఉన్న రోజుల్లో నాన్నగారు వారిని ముద్దు పెట్టుకోకుండా, ఎంగిలి చెంచాతో తినిపించకుండా ఉండాలి. రెండు వారాలు దాటినా మానని పుండు, తెల్లటి లేదా ఎర్రటి మచ్చ కనిపిస్తే, ముఖ్యంగా ఆయనకు పొగాకు, వక్క, జర్దా అలవాటు ఉంటే, దాన్ని వైరస్ ఖాతాలో వేయకుండా బయాప్సీ (చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) గురించి డాక్టరుతో మాట్లాడండి.