ఏసీఎస్ఎమ్ ఫైల్ దాచుకుంటే పుస్తకం దాచుకున్నట్టు కాదు

అనంతపురం టవర్ క్లాక్ దగ్గర ల్యాప్‌టాప్ ఫార్మాట్ చేయించాక, పెన్‌డ్రైవ్‌లో దాచిన ఈబుక్స్ ఒక్కటీ తెరుచుకోలేదన్నారు. డబ్బులిచ్చి కొన్నవి పోయినట్టేనా అని కదా మీ ప్రశ్న. అన్నీ పోయి ఉండవు.

ముందు ఫైల్ సైజు చూడండి. రెండు మూడు కేబీలే ఉండి, పేరు చివర ఏసీఎస్ఎమ్ అని ఉంటే అది పుస్తకం కాదు, టోకెన్. ఈబుక్స్ చదివే ప్రోగ్రామ్ అడోబీ డిజిటల్ ఎడిషన్స్‌లో దాన్ని తెరిస్తేనే అసలు పుస్తకం సర్వర్ నుంచి దిగి, డాక్యుమెంట్స్‌లోని 'మై డిజిటల్ ఎడిషన్స్' ఫోల్డర్‌లో పడుతుంది. దాచాల్సింది ఆ ఫోల్డర్‌ని. టోకెన్‌కి గడువు దాటితే అమ్మిన సైట్‌లో లాగిన్ అయి కొత్తది దించుకోవాలి. ఆ సైటే మూతపడితే ఇక అంతే సంగతులు.

ఫైల్ ఎంబీల్లో ఉండి కూడా తెరుచుకోకపోతే గొడవ తాళంచెవిది. ఇతరులు కాపీ చేసుకోకుండా పుస్తకానికి డిజిటల్ తాళం (డీఆర్ఎమ్) వేస్తారు. మొదటిసారి ఆ ప్రోగ్రామ్‌లో కంప్యూటర్‌ని ఆథరైజ్ చేసినప్పుడు, అంటే తాళంచెవి తీసుకున్నప్పుడు, 'ఐడీ లేకుండా' అన్నచోట టిక్ పెట్టి ఉంటే, ఆ తాళంచెవి పాత విండోస్‌తోనే పోయింది. బిల్లు చూపించి అమ్మినవాళ్లనే అడగాలి. అడోబీ ఐడీ ఇచ్చి ఉంటే మళ్లీ అదే ఐడీ ఇవ్వండి, తెరుచుకుంటాయి. షాపులో కుర్రాడు తొందరలో కొత్త ఐడీ తెరిచాడంటే మాత్రం పుస్తకం తెరుచుకోదు, పాత టోకెన్ తెరిచినా 'వేరే యూజర్ ఇప్పటికే తీసుకున్నారు' అని ఎర్రర్ వస్తుంది. ఒక ఐడీకి ఆరు కంప్యూటర్లే. అందుకే ఈసారి ఫార్మాట్‌కి ముందు హెల్ప్ మెనూలో 'ఎరేజ్ ఆథరైజేషన్' నొక్కండి. కాలేజీ మెయిల్‌తో ఐడీ తెరవొద్దు, చదువైపోయాక పాస్‌వర్డ్ మార్చుకోవడానికీ దిక్కుండదు.

అసలు తాళం ఉందో లేదో తెలియాలంటే ఈపబ్ ఫైల్‌కి (ఈబుక్స్‌కి వాడే ఒక రకం ఫైల్) ఒక కాపీ తీసి, చివర ఈపబ్ బదులు జిప్ అని మార్చి తెరవండి. మెటా-ఇన్ఫ్ ఫోల్డర్‌లో 'రైట్స్' అనే ఫైల్ కనిపిస్తే అడోబీ తాళం ఉన్నట్టే. 'ఎన్‌క్రిప్షన్' ఫైల్ ఒక్కటే ఉంటే కంగారుపడకండి, ఫాంట్లను మాత్రమే మరుగుపరిచి ఉండొచ్చు.

కిండిల్‌లో కొన్నవాటిని కంప్యూటర్‌కి దించుకుని యూఎస్‌బీతో ఎక్కించే దారి 2025 ఫిబ్రవరి 26తో మూసుకుపోయింది. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈబుక్ స్టోర్ మూసినప్పుడు డబ్బు వాపసు ఇచ్చింది గానీ, కొన్న పుస్తకాలు మాయమయ్యాయి. మనం కొనేది లైసెన్సు అన్నమాట.

తాళం పగలగొట్టే టూల్స్ సంగతికొస్తే, 2012లో కాపీరైట్ చట్టంలో చేరిన 65ఏ సెక్షన్ ప్రకారం హక్కులు ఉల్లంఘించే ఉద్దేశంతో అలా చేస్తే రెండేళ్ల దాకా జైలు, జరిమానా. సొంతంగా చదువుకోవడానికైతే ఆ ఉద్దేశం ఎక్కడిది అని వాదించొచ్చు. నన్నడిగితే ఆ తలనొప్పి కంటే కొనేముందే చూసుకోవడం మేలు. గూగుల్ ప్లేలో కొన్న పుస్తకానికి ఎక్స్‌పోర్ట్ నొక్కితే, తాళం లేనిది నేరుగా ఈపబ్‌గానో పీడీఎఫ్‌గానో దిగుతుంది. ఉన్నదైతే ఏసీఎస్ఎమ్ వస్తుంది.

తెలుగు పీడీఎఫ్‌లతో ఇంకో చిక్కు. ఈబుక్స్‌ని ఒక రకం నుంచి ఇంకో రకానికి మార్చే క్యాలిబర్ ప్రోగ్రామ్‌లో ఈపబ్‌గా మార్చేముందు ఒక వాక్యం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. పిచ్చి గుర్తులు వస్తే అది ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా కనిపించే యూనికోడ్ తెలుగు కాదు, అను లాంటి పాత ఫాంట్లతో చేసింది. దాన్ని మార్చే పని పెట్టుకోకుండా పీడీఎఫ్‌గానే రెండుచోట్ల దాచుకోండి.