టవర్ అద్దె పంచేసుకుని లిఫ్టుకి అప్పా?

ప్రశ్న: భీమవరంలో మా 20 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌కి నేను కోశాధికారిని. మేడ మీది సెల్ టవర్‌కి నెలకు రూ.15,000 అద్దె వస్తుంది. నాలుగేళ్లుగా ఏటా సంక్రాంతి ముందు ఫ్లాటుకు 9,000 చొప్పున పంచుకుంటున్నాం. మొన్నటి వానలకు లిఫ్టు గుంతలో నీళ్లు చేరి పాడైంది. బాగుచేయడానికి 3.6 లక్షలు అడుగుతున్నారు. మొదటి అంతస్తువాళ్లు ‘మేం లిఫ్టే ఎక్కం, ఎందుకివ్వాలి?’ అంటున్నారు. మాలో ఒకాయన నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇస్తానన్నారు, నోటు మీద నన్ను సంతకం పెట్టమంటున్నారు. పెట్టవచ్చా?

జవాబు: పెట్టకండి. నెలకు 7,200 వడ్డీ అంటే టవర్ అద్దెలో దాదాపు సగం అక్కడికే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. పైగా అసోసియేషన్ తరఫున అని నోటులో స్పష్టంగా రాయకుండా మీరు సంతకం చేస్తే బాకీ మీ మెడకే చుట్టుకుంటుంది.

నాలుగేళ్లలో వచ్చిన అద్దె 7.2 లక్షలు. అది కదపకుండా ఉంచి ఉంటే లిఫ్టు బాగుపడ్డాక ఇంకో సగం మిగిలేది. ఆ 9,000 ఎవరింట్లో ఏమైందో నేనడగను, సంక్రాంతికి భీమవరంలో డబ్బు ఎటు పోతుందో అందరికీ తెలుసు. టవర్ అద్దె లాభమని మీరనుకుంటున్నారు. అత్యవసర నిధి లేని అపార్ట్‌మెంట్‌కి లాభం అనేదే లేదండీ. మీ ఊళ్లో ఉప్పు నీళ్లకు పైపులు, మోటార్లు ఎంత త్వరగా తుప్పు పడతాయో నాకంటే మీకే బాగా తెలుసు. ఇవాళ లిఫ్టు, రేపు సంపు మోటారు.

మొదటి అంతస్తువాళ్ల వాదన చెల్లదు. 1987 అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం ఉమ్మడి ఖర్చయినా ఆదాయమైనా అవిభక్త వాటాను, అంటే ఉమ్మడి ఆస్తిలో ఒక్కో ఫ్లాటుకున్న వాటాను బట్టే. వాడుకోవడం లేదని తప్పించుకోవడానికి లేదు. అసలు అందరికీ సమానంగా 9,000 పంచడమే తప్పు. పెద్ద ఫ్లాటువాళ్లకు ఎక్కువ రావాలి, ఇప్పుడు వాళ్లే ఎక్కువ కట్టాలి కూడా.

సగటున ఫ్లాటుకు 18,000 పడుతుంది. మూడు వాయిదాల్లో వసూలు చేయండి, లిఫ్టు కంపెనీని కూడా విడతలుగా తీసుకోమని అడగండి. వరద కవర్‌తో భవనానికి బీమా ఉందో లేదో చూసుకోండి. ఇకనుంచి టవర్ అద్దె మొత్తం అసోసియేషన్ పేరిట, ఇద్దరి సంతకాలతో ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోకి వెళ్లాలి. కనీసం ఆరు నెలల ఉమ్మడి ఖర్చు పోగయ్యేదాకా పంపకాల మాట ఎత్తొద్దు.

ఈ సంక్రాంతికి 9,000 లేదని ఇవాళే నోటీసు బోర్డులో పెట్టేయండి.